స్వాబ్ క్లీన్ అని వచ్చింది, మరి దగ్గెందుకు తగ్గలేదు?

మీరు అడిగింది ఇదీ: పాపకు ఐదేళ్ళు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడే, పుట్టుకతో వచ్చే జబ్బు). వరసగా మూడు గొంతు స్వాబ్‌లు క్లీన్ అని వచ్చాయి, దగ్గు మాత్రం తగ్గలేదు. నాలుగోసారి సూడోమోనాస్ అనే క్రిమి ఉందన్నారు. ఇన్నాళ్ళూ అది ఎక్కడుంది? అసలు ఎక్కడి నుంచి వచ్చింది? మీ అత్తగారు అంటున్నట్టు ఇంట్లో శుభ్రత చాలకనా?

నేను డాక్టర్ని కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ జబ్బుతో కలిసి కాపురం చేస్తున్న తల్లిని. మేం ఇంగ్లండులో ఉంటాం. ఇక్కడ బిడ్డ పుట్టిన ఐదో రోజున మడమ మీద పొడిచి నాలుగు రక్తపు చుక్కలు కార్డు మీద అద్దుకుని వెళ్తారు. 2007 నుంచి యూకే అంతటా ఆ పరీక్షలో ఈ జబ్బు కూడా ఉంది. అలా మా వాడి సంగతి నెల నిండకముందే తెలిసింది. పురిటికి వచ్చిన మా అమ్మ "వీడి నుదురు ఉప్పగా ఉందేమిటే" అని రెండుసార్లు అంది. నవ్వి ఊరుకున్నాం. ఈ జబ్బున్న పిల్లల చెమట మరీ ఉప్పగా ఉంటుందని అప్పుడు తెలీదు.

స్వాబ్ సంగతికి వస్తాను. పొడవాటి ఇయర్‌బడ్ లాంటి పుల్ల నోట్లో పెట్టి "దగ్గు నాన్నా" అంటారు. వాడు దగ్గుతాడు, నర్సు పుల్ల తీసి గొట్టంలో వేస్తుంది. ఆ పుల్ల వెళ్ళేది గొంతు దాకానే. మనకు కావలసిన చిక్కటి కఫం ఊపిరితిత్తుల అడుగున, సన్నటి గొట్టాల్లో ఉంటుంది. బావి గట్టు మీద తడి చూసి అడుగున నీళ్ళెలా ఉన్నాయో చెప్పమన్నట్టు. కాబట్టి స్వాబ్ క్లీన్ అంటే "గొంతు దగ్గర ఈ పూట ఏమీ దొరకలేదు" అని మాత్రమే. ఊపిరితిత్తులు క్లీన్ అని కాదు. ఈ తేడా నాకు మొదటి నాలుగేళ్ళూ ఎవరూ విడమర్చి చెప్పలేదు. నేనూ అడగలేదు లెండి, క్లీన్ అన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చేది.

వాడికి నాలుగో ఏట మాకూ మీలాగే అయింది. స్వాబ్‌లు రెండూ క్లీన్, రాత్రిళ్ళు మాత్రం తడి దగ్గు. పక్క గదిలోంచి వింటే ఆ గరగర తెలిసిపోతుంది, మీకు నేను చెప్పక్కర్లేదు. "వైరస్ అయ్యుంటుంది, చూద్దాం" అన్నారు. చివరికి ఫిజియోథెరపిస్టే కఫం తెప్పించి చూద్దామంది. ముందు నీలం పఫర్ (ఊపిరి గొట్టాలను తెరిచే ఇన్‌హేలర్) ఇచ్చారు, లేకపోతే ఉప్పునీటికి ఛాతీ బిగుసుకుంటుందట. తర్వాత 7 శాతం ఉప్పునీళ్ళు నెబులైజర్లో పావుగంట. మావారు ఫోన్లో జేసీబీ వీడియోలు చూపిస్తూ కూర్చున్నారు. ఆపైన వీపు మీద తట్టారు, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టారు. పిల్లలు ఉమ్మరు కదా, మింగేస్తారు. అందుకని గొంతు దాకా సన్నటి గొట్టం వేసి లాగారు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. వచ్చింది అర చెంచా కూడా లేదు, తీగలా సాగే ఆకుపచ్చ కఫం. అదే పూట తీసిన స్వాబ్‌లో ఏమీ పెరగలేదు. కఫంలో సూడోమోనాస్ పెరిగింది.

ఒక్క పిల్లాడి అనుభవం అని కొట్టిపారేయొచ్చు. కానీ వేల్స్‌లోని కార్డిఫ్ పిల్లల ఆస్పత్రి వాళ్ళు ఇదే పని పద్ధతిగా చేసి 2018లో ప్రచురించారు. ఒకే బిడ్డ దగ్గర ఒకే పూట స్వాబ్, తెప్పించిన కఫం రెండూ తీసి పోల్చారు. 167 జతల్లో కఫంలో 63 సార్లు హానికర క్రిములు దొరికితే, స్వాబ్‌లో 24 సార్లే దొరికాయి. ఆరు నెలల పసివాళ్ళ దగ్గర కూడా ప్రయత్నించారు. కాబట్టి మీ పాప చిన్నది, కఫం రాదు అంటే మరోసారి అడగండి. కాఫ్‌ట్రియో లాంటి కొత్త మాత్రలు వాడే పిల్లల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ, వాళ్ళలో చాలామందికి దగ్గినా కఫమే రాదు.

మత్తిచ్చి ఊపిరితిత్తుల్లోకి గొట్టం దింపి కడిగిన నీళ్ళు పరీక్షించడం అన్నిటికన్నా లోతుగా వెళ్తుంది. అలాగని మాటిమాటికీ చేయించాలని కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పసివాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇలా కడిగి చూసి వైద్యం చేశారు, మరో గుంపుకు మామూలుగా చేశారు. ఐదేళ్ళు వచ్చేసరికి సూడోమోనాస్‌లోనూ స్కాన్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011లో వచ్చిన ఫలితం ఇది. మా డాక్టరు కూడా ఏ దారీ లేనప్పుడే అంటారు.

ఇక ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న. మా ఊరి అమ్మాయి ఒకావిడ ఇక్కడ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. సూడోమోనాస్‌ను పెంచిన ప్లేటు మూత తీస్తే పచ్చగా మెరుస్తూ ద్రాక్షపళ్ళ వాసన వస్తుందని ఆవిడే చెప్పింది. (అప్పటి నుంచి మా ఇంట్లో ద్రాక్ష నేను తినను, మిగతావాళ్ళు తింటారు.) కొత్తగా ఈ క్రిమి దొరికితే ఇక్కడి ల్యాబులు దాన్ని లండన్ కాలిన్‌డేల్‌లోని రెఫరెన్స్ ల్యాబ్‌కు పంపుతాయి. అక్కడ దాని డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒకే చిన్న ముక్క ఎన్నిసార్లు వరసగా వచ్చిందో లెక్కపెట్టి, అంకెల వరసగా రాస్తారు. క్రిమికి ఇంటిపేరు లాంటిదనుకోండి. మా వాడి దానికి వచ్చిన వరస ఇంకే రోగి దగ్గరా లేదన్నారు. అంటే ఆస్పత్రిలో మరో బిడ్డ నుంచి అంటినట్టు ఆధారం లేదు, బయటి నుంచే వచ్చి ఉంటుందని అర్థం.

ఇది ఎందుకు చూస్తారంటే, ఒకప్పుడు చాలామంది ఎవరి సూడోమోనాస్ వారిదే, ఎవరికి వారు బయట తెచ్చుకుంటారు అనుకునేవారు. 1996లో లివర్‌పూల్ పిల్లల క్లినిక్‌లో మందులకు లొంగని సూడోమోనాస్ ఉన్న పిల్లల నమూనాలు పోల్చి చూస్తే చాలామందిలో ఉన్నది ఒకే రకం. పిల్లల నుంచి పిల్లలకు పాకింది. ఇప్పటికీ దాన్ని లివర్‌పూల్ రకం అనే అంటారు. క్లినిక్‌కు వెళ్తే మా వాణ్ణి వెయిటింగ్ హాల్లో కూర్చోనివ్వకుండా నేరుగా గదిలోకి పంపడం వెనక ఉన్న కథ ఇదే.

"ఇంకే రోగి దగ్గరా లేదు" అనగానే నాకు ఇల్లు మీద అనుమానం పట్టుకుంది. స్నానాల బొమ్మ బాతును కత్తెరతో కోసి చూశాను, లోపలంతా నల్లటి జిగట. సింకు కింది గొట్టం విప్పించాను. మావారు ఏమీ అనకుండా బిగించారు. తర్వాత క్లినిక్‌లో ఇదంతా చెబితే డాక్టరు అడిగారు: "దొరికితే ఏం చేస్తారు? పక్కింట్లో కుళాయి లేదా?" తడి ఉన్న ఏ చోటైనా అది ఉండొచ్చు. సింకు గొట్టాల్లో, మట్టిలో, నిలవ నీళ్ళలో. మీ అత్తగారి వంటింట్లోనూ ఉండొచ్చు. ఆవిడ ఊపిరితిత్తులు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి ఊడ్చేస్తాయి. మన పిల్లల గొట్టాల్లో కఫం జిగురులా చిక్కబడి ఊడ్పు సాగదు, అందుకని అది అక్కడే కాపురం పెడుతుంది. కారణం పాప జన్యువుల్లో ఉంది, మీ చీపురులో లేదు. ఆ జన్యువు సగం వాళ్ళబ్బాయిదే అని కూడా చెప్పొచ్చు, ఇంట్లో శాంతి కావాలనుకుంటే చెప్పకండి.

మేం మార్చింది రెండే: బొమ్మలు పారేశాం, నెబులైజర్ గిన్నెను వాడిన ప్రతిసారీ కడిగి, స్టెరిలైజ్ చేసి, చుక్క తడి లేకుండా ఆరబెడతాం. మందుల విషయానికి వస్తే మా వాడికి మూడు నెలలు నోటి ద్వారా సిప్రోఫ్లాక్సాసిన్, నెబులైజర్లో కొలిస్టిన్ ఇచ్చారు. చేతికి సూది గుచ్చి రెండు వారాలు మందు ఎక్కిస్తే ఇంతకన్నా మేలా అని యూకే, ఇటలీలలో పోల్చి చూశారు, మేలని తేలలేదు. 2020లో వచ్చింది ఆ ఫలితం. మీ పాపకు ఏదన్నది మీ డాక్టరు మాటే. ఆలస్యం మాత్రం చేయొద్దు. తొలిసారి పట్టుకున్నప్పుడే దాన్ని తరిమే అవకాశం, జిగురు కప్పుకుని స్థిరపడితే చాలా కష్టం.

మీరు హైదరాబాదులో ఉన్నారు కాబట్టి ఒక్క మాట. ల్యాబ్ ఫారం మీద "సిస్టిక్ ఫైబ్రోసిస్" అని పెద్దగా రాయించండి. మన పిల్లల ఊపిరితిత్తులను పట్టే బర్ఖోల్డేరియా అనే ఇంకో క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, దానికి వేరే ప్లేటు వేసి, ఎక్కువ రోజులు ఆగి చూడాలి. ఫారం మీద లేకపోతే ఆ ప్లేటు ఎందుకు వేస్తారు? అమెరికాలో బర్ఖోల్డర్ అనే ఆయన 1950లో కుళ్ళిన ఉల్లిపాయల్లో దాన్ని గుర్తించాడు. దాని చుట్టం ఒకటి మన దక్షిణాదిలో తడి మట్టిలో, వరిపొలాల్లో ఉంటుంది, మెలియోయిడోసిస్ అనే తీవ్రమైన జబ్బు తెస్తుంది. అందుకే ఊరికి వచ్చినప్పుడు మా నాన్న వీణ్ణి పొలానికి తీసుకెళ్తారు కానీ, వానాకాలంలో రాం, గట్టు దిగనివ్వం. వాడికి మడిలో దిగాలని మహా కోరిక.

పాపకు ఇదే జబ్బున్న స్నేహితులను వెతికిపెట్టాలా అని చివర్లో అడిగారు. వెతకండి, కానీ ఫోన్లో; లివర్‌పూల్ కథ చెప్పాను కదా, ఎదురెదురుగా కలిస్తే ఒకరి క్రిమి ఇంకొకరికి అంటొచ్చు. మా పట్టణం తెలుగువాళ్ళలో మా వాడు కాక ఇంకో పాపకు ఈ జబ్బుంది. ఉగాదికి హాల్లో అందరం కలుస్తాం. వాళ్ళు పొద్దున పచ్చడి వేళకు వచ్చి పన్నెండుకు వెళ్ళిపోతారు, మేం మూడింటికి అక్కడికి చేరుకుంటాం. పిల్లలిద్దరూ రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో నెబులైజర్లు పెట్టుకుని, ఎవరిది ముందు అయిపోతుందో పందెం వేసుకుంటారు.