చివరి డిఫెండర్ గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులతో.

నువ్వు పంపిన చిత్తుప్రతి మొన్న అందింది. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు చేతిలో పెట్టుకుని చదివాను. మాల్టా డిఫెండర్ జాన్ బుత్తిజీజ్ ఆటజీవితాన్ని తెలుగులో రాయాలని ఒక పాతికేళ్ల కుర్రవాడికి తోచడమే నాకు ముచ్చటేసింది. క్రికెట్ స్కోరు తప్ప మరోటి పట్టని మన పాఠకుడి ముందు, మన హైదరాబాదు నగరపాలక పరిధిలో సగం కూడా లేని 316 చదరపు కిలోమీటర్ల దీవుల దేశాన్ని, అందులోనూ గోల్స్ కొట్టేవాణ్ని కాకుండా ఆపేవాణ్ని నిలబెట్టాలనుకున్నావు. ధైర్యం ఉంది. ఇక నా పెన్సిలు గీతల సంగతి చెబుతాను, చిన్నబుచ్చుకోకు.

నీ మొదటి పేరా 1983 డిసెంబరు 21న సెవిల్లెలో మొదలవుతుంది. అక్కడే ఎందుకు మొదలుపెట్టావో నాకు తెలుసు. ఆ రాత్రి స్పెయిన్ చేతిలో మాల్టా 12-1 తేడాతో ఓడింది. యూరప్ దేశాల యూరో పోటీలకు వెళ్లాలంటే స్పెయిన్‌కు పదకొండు గోల్స్ తేడాతో గెలుపు తప్పనిసరి, విరామానికి స్కోరు 3-1 మాత్రమే, మిగిలిన తొమ్మిది గోల్స్ రెండో సగంలో పడ్డాయి, దాంతో అదే గ్రూపులో స్పెయిన్‌తో పోటీపడుతూ, ఆ రాత్రి అక్కడ ఆడనే ఆడని నెదర్లాండ్స్ పోటీల నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇంత నాటకం చేతికి దొరికితే ఎవరైనా దానితోనే మొదలుపెడతారు, అదే దానితో చిక్కు. పైగా నీ కథానాయకుడి జాతీయ జట్టు జీవితం మొదలైంది 1984లో. అంటే ఇల్లు కాలిన మరుసటి ఏడు ఆ ఇంటికి కాపలాకు వచ్చినవాడు అతను. కాలిన రాత్రిని నాలుగు పేజీలు వర్ణించి, కాపలావాణ్ని అయిదో పేజీలో తెస్తే, చదివేవాడి మనసులో అతను ఆ బూడిదలో ఒక భాగంగానే మిగిలిపోతాడు.

సెవిల్లెను నాలుగు వాక్యాల్లో ముగించి, ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. ఏడాది తిరక్కుండానే, 1984 డిసెంబరు 16న, మాల్టా జాతీయ స్టేడియమైన తా కాలి మైదానంలో పశ్చిమ జర్మనీ అదే మాల్టాను 3-2తో మాత్రమే ఓడించగలిగింది. ఆ జర్మన్ జట్టుకు అప్పుడు కోచ్ బెకెన్‌బావర్, అంటే డిఫెన్సులో అందరికన్నా వెనక నిలబడే స్థానాన్ని ప్రపంచానికి కొత్తగా చూపించిన మనిషి. మరుసటి ఏప్రిల్‌లో అక్కడే చెకోస్లొవేకియాతో 0-0. 1986 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మాల్టాకు దక్కిన ఒకే ఒక్క పాయింటు అది. పన్నెండు గోల్స్ తిన్న జట్టు పదహారు నెలల్లో ఒక్క గోలూ తినకుండా తొంభై నిమిషాలు నిలిచింది. నీ పుస్తకానికి గుమ్మం అక్కడుంది.

ఇప్పుడు అసలు లోపానికి వస్తాను. ఇరవై పేజీల్లో అతను ఏ స్థానంలో ఆడాడో 'డిఫెండర్' అన్న ఒక్క మాటతో సరిపెట్టావు. అతను స్వీపర్ అని నీకూ తెలుసు, కానీ ఆ పని ఏమిటో చూపించలేదు. ఇద్దరు స్టాపర్లు ఎదుటి జట్టు ఫార్వర్డ్‌లను ఒక్కొక్కరు ఒక్కొక్కరిని పట్టుకుని ఉంటారు; వాళ్లకు కొంచెం వెనక, ఎవరినీ పట్టుకోకుండా, ఒకడు ఖాళీగా నిలబడతాడు. ఖాళీగా కనిపించడమే అతని ఉద్యోగం. ఎదుటి మిడ్‌ఫీల్డర్ తల ఎత్తి చూసిన క్షణంలో బంతి ఏ సందులోంచి వస్తుందో లెక్కగట్టి, కాలు వేయకముందే ఒంటిని ఆ వైపు తిప్పి, బంతి వచ్చేసరికి అక్కడ ఉంటాడు. చూసేవాళ్లకు బంతి తానుగా వెళ్లి అతని కాలికి తగిలినట్టు కనిపిస్తుంది. జారుతూ పడి బంతిని లాక్కుంటే చప్పట్లు పడతాయి, కానీ స్వీపర్ పడవలసి వచ్చిందంటే అంతకు రెండు క్షణాల ముందు ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. నువ్వు అతని గొప్పతనానికి సాక్ష్యంగా పట్టుకున్నవన్నీ ఈ పడిన సందర్భాలే. పడనివి రాయి. కష్టమే, ఎందుకంటే అక్కడ జరిగిందంటూ ఏమీ లేదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని వాక్యంలో పెట్టగలిగితేనే ఈ పుస్తకం నిలుస్తుంది.

ఈ పాఠం నేనూ సిగ్గుపడే నేర్చుకున్నాను. పత్రికలో చేరిన కొత్తలో ఒక జిల్లా స్థాయి ఫైనల్ మీద రిపోర్టు రాశాను. గెలిచిన జట్టు ఒక్క గోల్‌తో గెలిచింది. నేను ఆ గోల్‌ను అరకాలమ్ వర్ణించి, కొట్టిన కుర్రవాడి ఊరు, చదువు, వాళ్ల నాన్న చేసే పని కూడా రాశాను. మర్నాడు ఆ జట్టు డిఫెండర్ ఒకాయన సైకిలు మీద ఆఫీసుకు వచ్చి, మడత పెట్టిన పేపరు బల్ల మీద ఉంచి, "ఆ మ్యాచ్‌లో నేను కూడా ఉన్నానండీ" అని ఒక్క మాట అని, నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. మోకాలికి కట్టు ఉంది. ఆ కట్టు ఏ నిమిషంలో పడిందో నాకు తెలియదు, ఎందుకంటే మ్యాచ్ అంతా నేను బంతినే చూశాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏ మ్యాచ్‌కు వెళ్లినా మొదటి పది నిమిషాలు బంతిని చూడకుండా ఒక్క డిఫెండర్‌నే చూసే అలవాటు చేసుకున్నాను. నువ్వూ చెయ్యి. పాత మ్యాచ్ వీడియో పెట్టుకుని బంతి వైపు చూపు పోకుండా పది నిమిషాలు కూర్చోవడం ఎంత కష్టమో నీకే తెలుస్తుంది.

నీ ప్రతిలో పూర్తిగా తప్పిపోయిన విషయం ఒకటుంది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే. బుత్తిజీజ్ దేశం తరఫున ఆడింది 1984 నుంచి 2000 వరకు, 97 మ్యాచ్‌లు. సరిగ్గా ఆ కాలం నడుమ, 1992లో, ఆట నిబంధన మారింది. అంతవరకు డిఫెండర్ ఇబ్బందిలో పడితే బంతిని కాలితో వెనక్కి గోల్‌కీపర్‌కు తోసేవాడు, కీపర్ చేతుల్లోకి తీసుకునేవాడు, అందరూ ఊపిరి పీల్చుకునేవారు. పెద్ద జట్లతో ఆడే చిన్న దేశానికి అది కాలయాపన మాత్రమే కాదు, ఊపిరితిత్తి. నిబంధన మారాక, సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టుకోకూడదు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఒంటికి పట్టేసిన ఒక అలవాటును ఆ తరం డిఫెండర్లందరూ రాత్రికి రాత్రి వదులుకోవలసి వచ్చింది. అదే దశకంలో నలుగురు డిఫెండర్లు ఒకే వరుసలో నిలబడే పద్ధతి బలపడి, స్వీపర్ అనే ఉద్యోగమే మెల్లగా మైదానం నుంచి పోయింది. తన కాళ్ల కింద తన వృత్తి మారిపోతుంటే ఆడుతూనే ఉన్న మనిషి కథ నీ చేతిలో ఉంది, నువ్వేమో గోల్స్ పట్టిక ఇచ్చావు.

ఇంగ్లండ్ అధ్యాయం పరవాలేదు, కొంచెం ఉబ్బింది. 1988లో మాల్టా క్లబ్బు స్లీమా వాండరర్స్ నుంచి బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బుకు వెళ్లడం నిజంగా పెద్ద సంగతే, అయితే 'ఇంగ్లండ్ అగ్రశ్రేణిని జయించాడు' అని రాయకు. బ్రెంట్‌ఫర్డ్ అప్పుడు మూడో డివిజన్‌లో ఉంది. అది తక్కువ చేయడం కాదు. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైన తొలి వారాంతంలో మ్యాచ్ ఆరంభించిన ఆటగాళ్లలో బ్రిటన్, ఐర్లండ్‌లకు బయటివాళ్లు పదమూడు మందే అంటే, అంతకు నాలుగేళ్ల ముందు ఒక మాల్టా డిఫెండర్‌కు లండన్ క్లబ్బు తలుపు తెరవడం ఎంత అరుదో నీ పాఠకుడికి అర్థమవుతుంది. అప్పటి బ్రెంట్‌ఫర్డ్ మైదానం గ్రిఫిన్ పార్క్ గురించి, ఆనాడు నాలుగు మూలలా నాలుగు పబ్బులున్న ఆ స్టేడియం గురించి నువ్వు రాసిన వాక్యం బాగుంది, ఉంచు. కాని ఆ సీజన్‌లో క్లబ్బు ఎఫ్‌ఏ కప్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ చేతిలో 4-0తో ఓడిన మ్యాచ్‌ను 'అతని కళ్లతో' చూపించావు. క్లబ్బు ఆడిన ప్రతి మ్యాచ్ ఆటగాడి మ్యాచ్ కాదు. ఆనాటి జట్టు జాబితా నీ బల్ల మీద లేకుండా ఎవరి కళ్లనూ అరువు తెచ్చుకోకు. మరో ఇంగ్లండ్ క్లబ్బు స్విండన్ టౌన్‌కు అరువు మీద వెళ్లిన సంగతి రెండు ముక్కల్లో చాలు.

మాల్టాకు తిరిగి వచ్చాక ఫ్లోరియానాకు ఆడాడన్నది మాత్రం నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అక్కడ ఆగాలి. మాల్టా లీగ్ టైటిళ్లలో పెద్ద వాటా పంచుకున్న రెండు పాత క్లబ్బులు స్లీమా, ఫ్లోరియానా. ఒకరిది లేత నీలం, మరొకరిది ఆకుపచ్చ, తెలుపు చారలు. స్లీమాలో పుట్టి స్లీమాకు ఆడినవాడు ఫ్లోరియానా చారల చొక్కా తొడుక్కోవడమంటే, కాఫీ కొట్టు నుంచి చర్చి మెట్ల దాకా అందరూ అందరికీ తెలిసిన చిన్న దేశంలో, ఊరక పోయే మాట కాదు. 1993లో ఫ్లోరియానా లీగ్, కప్ రెండూ గెలిచింది.

భాష సంగతి. 'కోటగోడలా నిలిచాడు' మూడుసార్లు, 'ప్రత్యర్థుల గుండెల్లో నిద్రపోయాడు' రెండుసార్లు వచ్చాయి, అన్నీ కొట్టేశాను. గోడ కదలదు, స్వీపర్ నిమిషం కూడా ఆగడు, ఆ పోలిక పుట్టుకతోనే తప్పు. నయీముద్దీన్‌తో పోలిక కూడా తీసెయ్. మన హైదరాబాదు డిఫెండర్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్, తర్వాత దేశానికి కోచ్, నిజమే. ఆయన మీద వేరే పుస్తకం రాయి, నేనే ముందుమాట రాస్తాను. 'పాపం, చిన్న దేశం' అన్న స్వరం అక్కడక్కడా వినిపిస్తోంది, అది తిట్టుకన్నా చెడ్డది. ఇక పేర్లు. నువ్వు 'బుట్టిగీగ్' అని రాశావు. మాల్టా లిపిలో 'g' మీద చుక్క పెడితే 'జ' అవుతుంది, మాల్టా భాష మాల్టీస్ అరబిక్‌కు దగ్గరి చుట్టం గనుక, ఆ ఇంటిపేరుకు అర్థం కోళ్లు పెంచేవాడని. అమెరికా రాజకీయాల్లో ఆ ఇంటిపేరు విన్న పాఠకులకు ఈ ముక్క సరదాగా ఉంటుంది. తా కాలిలో 'క' నిజానికి గొంతులో చిన్న ఆగుడు, దానికి మనకు అక్షరం లేదు, అలాగే ఉంచు. ఆ స్టేడియం ఉన్న నేల రెండో ప్రపంచ యుద్ధంలో విమానాశ్రయమని, 1981కి ముందు మాల్టా పెద్ద మ్యాచ్‌లు గ్‌జీరాలో గడ్డి లేని గట్టినేల మీద జరిగేవని నువ్వు అడుగున ఎక్కడో రాశావు. అవి పైకి రావాలి. ఏ నేల మీద పడతాడో తెలియకపోతే డిఫెండర్ ఎందుకు పడలేదో ఎలా తెలుస్తుంది?

చివరి అధ్యాయం నువ్వింకా రాయలేదన్నావు. అతను 2009 నుంచి 2011 వరకు జాతీయ జట్టు కోచ్‌గా ఉన్న కాలం అది. గెలుపోటముల లెక్క వేయకు. 2011 మార్చి 26 రాత్రి తా కాలిలో గ్రీస్‌తో మ్యాచ్ ఒక్కటి తీసుకో. ఎదుట ఉన్నది ఏడేళ్ల క్రితం యూరప్ విజేత. తొంభై నిమిషాలు గడిచాయి, స్కోరు 0-0. ఆగిన కాలానికి కలిపిన సమయం రెండో నిమిషంలో గ్రీస్ గోల్ కొట్టింది. కొట్టిన టొరోసిదిస్ కూడా డిఫెండరే. పదహారేళ్లు ఆ మైదానంలో అలాంటి సందులు మూసిన మనిషి ఇప్పుడు గీత ఇవతల నిలబడి ఉన్నాడు, కాలు కదపడానికి హక్కు లేదు. అతని మనసులో ఏముందో నువ్వు రాయనక్కర్లేదు. గీత రాయి, గడియారం రాయి, బంతి రాయి. ఆ ఒక్క పేజీ ముందుగా రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

వదిన నిన్ను అడిగినట్టు రాయమంది. సంక్రాంతికి వస్తే ప్రతి తెచ్చుకో.

ఇట్లు,
మీ అన్నయ్య