పాఠకుల ప్రశ్నలు: వెంటపడతాయి, జత కట్టవు

ప్రశ్న: జిల్లేడు ఆకులు వేసి ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకలను వల గూట్లో పెంచుతున్నాం. మగవి ఆడవాటి వెంట తెగ తిరుగుతాయి గానీ ఆడవి ఒప్పుకోవడం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: గూడు ఇరుగ్గా ఉన్నా, ఎండ తగలకపోయినా ఇలా జరుగుతుంది. ఆ రెండూ బాగుంటే మగవాటి తిండిని అనుమానించండి.

వెంటపడటం కంటిచూపు పని. జంతువుల ప్రవర్తనను పరిశోధించిన టిన్‌బర్గన్ బృందం దారానికి కట్టి ఆడించిన కాగితపు బొమ్మల వెంట కూడా గ్రేలింగ్ అనే సీతాకోకచిలుకల్లో మగవి పడ్డాయి (1942). దగ్గరికి చేరాక తేల్చేది వాసన. ప్లెయిన్ టైగర్ మగదాని పొట్ట కొసను వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే రెండు సన్నని కుచ్చులు బయటికొస్తాయి. వాటిని ఆడదాని మీసాల మీద ఆడించి డానైడోన్ అనే వాసన పదార్థాన్ని అంటిస్తుంది. వెనక రెక్క మీద ఆడదానికి మూడు నల్లచుక్కలుంటే మగదానికి నాలుగు. ఆ నాలుగోది ఒక చిన్న సంచి. కుచ్చులను అందులో పెట్టి తీస్తుంటేనే డానైడోన్ తయారవుతుంది.

దానికి ముడిసరుకు పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు అనే మొక్కల విషాలు. జిల్లేడులో ఉండేవి వేరే విషాలు, అవి పనికిరావు. చాలామంది పొరబడేది ఇక్కడే. గొంగళిపురుగు ఎంత జిల్లేడు తిన్నా మగదానికి ఈ వాసన రాదు. రెక్కలొచ్చాక హీలియోట్రోపియం లేదా గిలిగిచ్చ మొక్కల నుంచి ఆ ఆల్కలాయిడ్లను మగదే పీల్చుకోవాలి.

వేళ్లతో సహా పీకిన ఈ మొక్కలను రెండు మూడింటిని నీడలో వాడనిచ్చి, కాడలు కాస్త నలిపి గూట్లో తలకిందులుగా కట్టండి. పచ్చిమొక్క కన్నా వాడినదే వాటికి ఇష్టం. తుండంతో తడి చేసి, కరిగిన రసం పీల్చుకుంటాయి. పొద్దున ఒకసారి నీళ్లు చిలకరిస్తే చాలు, నానబెడితే బూజు పడుతుంది. కొత్తగా రెక్కలొచ్చిన మగవాటిని కొన్ని రోజులు దీనిమీద ఉంచి, తర్వాతే ఆడవాటితో కలపండి. ఈ ఆల్కలాయిడ్లు మన కాలేయానికీ పశువుల కాలేయానికీ చేటు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ప్రశ్న: ఒకసారి జత కట్టిన ఆడదాన్ని మగవి మళ్లీ పట్టించుకోవంటారు, నిజమేనా?

జవాబు: కొన్ని జాతుల్లో నిజమే, అదీ కొంతకాలమే. పియెరిస్ నాపీ అనే తెల్ల సీతాకోకచిలుకలో మగది వీర్యంతో పాటు మిథైల్ సాలిసిలేట్ కూడా ఆడదానికి ఇస్తుంది. నొప్పుల లేపనాల్లో ఘాటుగా తగిలే వాసన అదే. అది తగలగానే మిగతా మగవి వెనక్కి తగ్గుతాయి. వాసన తగ్గాక ఆడది మళ్లీ జత కట్టగలదు. పెద్ద క్యాబేజీ సీతాకోకచిలుకలో ఈ పని బెంజైల్ సయనైడ్‌ది. చిక్కేమిటంటే, సీతాకోకచిలుక గుడ్లలో తన గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ కూడా ఆ వాసన పసిగట్టి, జత కట్టిన ఆడదాని మీదెక్కి గుడ్లు పెట్టే చోటికి సవారీ చేస్తుంది.