కౌంటీ ఫెయిర్ కోసం శాక్రమెంటో వెళ్ళి మాట్లాడితే ఫలితం ఉంటుందా? మా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కాలిఫోర్నియాలో ఉంటున్నారు. మీ అమ్మాయి పశువుల పెంపకంలాంటివి నేర్పే పిల్లల సంఘం ఫోర్-హెచ్‌లో చేరి మేకను పెంచుతోంది. మీ కౌంటీ ఫెయిర్ (ఏటా జరిగే, పశువుల పోటీలుండే జిల్లా తిరునాళ్ళలాంటిది) వాళ్ళు "శాసనసభ్యులకు ఉత్తరాలు రాయండి, వీలైతే రాష్ట్ర రాజధాని శాక్రమెంటో రండి" అంటున్నారు. మీకింకా గ్రీన్‌కార్డు రాలేదు. మనలాంటివాళ్ళు చెబితే వింటారా, విన్నా ఏం చెప్పాలి?

వింటారండీ. మా పెద్దమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు ఫోర్-హెచ్‌లో చేరింది. ఆ ఏడాదే, అంటే 2017లో, నేను మొదటిసారి శాక్రమెంటో వెళ్ళాను. ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. మేం ఉండేది రాష్ట్రం నడుమనున్న వ్యవసాయ ప్రాంతం సెంట్రల్ వ్యాలీలో.

ముందు మీ వీసా భయం తీరుస్తాను. ఓటు హక్కు లేకపోయినా ఉత్తరం రాయొచ్చు, అపాయింట్‌మెంట్ అడిగి కలవొచ్చు, కమిటీ ముందు నిలబడి మాట్లాడొచ్చు. ఆ నియోజకవర్గంలో కాపురముంటున్నారు కాబట్టి మీరు వాళ్ళ మనుషులే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఏ ఎన్నికల విరాళమూ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. రాష్ట్ర ఎన్నికలకు కూడా ఈ ఫెడరల్ చట్టం వర్తిస్తుంది.

ఇక అసలు సంగతి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మాట్లాడింది వృథా అయింది. మాది ప్రకాశం జిల్లా. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకొని తిరునాళ్ళకి, బండలాగుడు పోటీలకి తీసుకెళ్ళేవాడు. ఇక్కడి ఫెయిర్‌లో ఓసారి బ్రాహ్మన్ జాతి ఎద్దును చూశాను. మూపురం, గంగడోలు చూడగానే మన ఒంగోలు గిత్త ఎదురొచ్చినట్టు ఒళ్ళు జలదరించింది. ఆ జాతి పుట్టుకలో మన ఒంగోలు పశువుల రక్తం కూడా ఉంది. ఇవన్నీ మనసులో పెట్టుకొని మా శాసనసభ్యుడి ఆఫీసులో పది నిమిషాల సేపు ఫెయిర్ అంటే సంస్కృతి, పిల్లలకు శ్రమ విలువ నేర్పే బడి అంటూ చెప్పుకుపోయాను. ఎదురుగా కూర్చున్న సహాయకురాలు ఓపిగ్గా విని మూడే ప్రశ్నలడిగింది. ఏ బిల్లు గురించి వచ్చారు? మా సభ్యుడు ఏం చేయాలని మీ కోరిక? ఫెయిర్ లేని రోజుల్లో ఆ మైదానం దేనికి వాడుతున్నారు? మొదటిదానికి తప్ప మిగతా రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. మీకు ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ రోజే.

డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో తెలియకుండా డబ్బు అడగలేం కాబట్టి, వెనకటి కథ కొంచెం తెలుసుకోండి. కాలిఫోర్నియాలో గుర్రప్పందేల మీద బెట్టింగ్‌ను 1933లో చట్టబద్ధం చేశారు. ఆ పందేల మీద రాష్ట్రం వసూలు చేసే రుసుమే దశాబ్దాలపాటు ఫెయిర్లను పోషించింది. పందేల ఆదాయం తగ్గుతూ వచ్చింది. 2009లో ఆ పద్ధతి మార్చి, ఏటా 3 కోట్ల 20 లక్షల డాలర్లు రాష్ట్ర సాధారణ ఖజానా (జనరల్ ఫండ్) నుంచి ఇస్తామన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2011 బడ్జెట్ సంక్షోభంలో, గవర్నర్ జెర్రీ బ్రౌన్ హయాంలో ఆ మొత్తాన్ని పూర్తిగా ఎత్తేశారు. రాష్ట్రంలో 70కి పైగా ఉన్న ఫెయిర్లు ఒక్కసారిగా తమ కాళ్ళ మీద తామే నిలబడాల్సి వచ్చింది. పెద్ద ఊళ్ళవి నెట్టుకొచ్చాయి. చిన్న కౌంటీల్లో పైకప్పు కారినా బాగుచేయించే దిక్కు లేకపోయింది. మా దగ్గర పశువుల కొట్టాల్లో కరెంటు తీగలు ఎంత పాతవంటే, ఎండాకాలం ఫ్యాన్లన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోయేది. నూట నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో పిల్లలు వంతులవారీగా పందుల మీద నీళ్ళు చల్లుతూ కూర్చోవడం నా కళ్ళతో చూశాను.

2017లో వచ్చిన ఏబీ 1499 (ఏబీ అంటే ఎసెంబ్లీ బిల్లు) అనే బిల్లు దీన్ని మార్చింది. మాకు దగ్గర్లోని మెర్సెడ్ నుంచి ఎన్నికైన అప్పటి ఎసెంబ్లీ (శాసనసభలో దిగువ సభ) సభ్యుడు ఆడమ్ గ్రే దాన్ని తెచ్చాడు. దాని కిటుకు నాకిప్పటికీ ముచ్చటగా ఉంటుంది. కొత్త పన్ను లేదు, ఉన్న పన్ను పెంచలేదు. ఫెయిర్ మైదానాల్లో జరిగే అమ్మకాలను వ్యాపారులు తమ అమ్మకపు పన్ను లెక్కల్లో విడిగా చూపించాలి. ఆ అమ్మకాల్లో ఒక శాతంలో ముప్పావు వంతు, అంటే వంద డాలర్ల అమ్మకానికి 75 సెంట్లు, ఫెయిర్లకు తిరిగొస్తుంది. మైదానంలో పది లక్షల డాలర్ల వ్యాపారం జరిగితే 7,500 డాలర్లన్నమాట. ఆ డబ్బు తీసుకునే ఫెయిర్ తన పనివాళ్ళకు భోజన విరామం, ఓవర్‌టైమ్ ఇవ్వాలనే షరతు కూడా చట్టంలోనే పెట్టారు. అది న్యాయమైన షరతని నా అభిప్రాయం. 2018 జులై నుంచి వ్యాపారులు లెక్క చూపించడం మొదలైంది.

మీ ఫెయిర్ వాళ్ళు ఇప్పుడు ఏ బిల్లు కోసం అడుగుతున్నారో మీరు రాయలేదు. ఏదైనా సరే, దాన్ని ఏబీ 1499లా ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూసుకోండి. "ఫెయిర్‌లో పుట్టిన పన్నులో కొంత ఫెయిర్‌కే" అనగానే ఎవరికైనా ఎక్కుతుంది. అలా చెప్పలేకపోతున్నారంటే, శాక్రమెంటో వెళ్ళేలోగా ఫెయిర్ మేనేజరు దగ్గర కూర్చొని అర్థమయ్యేదాకా అడగండి.

నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చిన విషయం ఒకటుంది. ఫెయిర్లంటే శాసనసభలో ఎవరికీ పగ లేదు. ఏ సభ్యుడి గది తలుపు తట్టినా "మా కౌంటీ ఫెయిరంటే నాకు ప్రాణం" అంటారు, ఫోటో దిగుతారు. ఇబ్బందంతా అక్కడే ఉంది. అందరూ ఔననేవాళ్ళే కాబట్టి పని అయిపోయిందనుకొని ఇంటికొచ్చేస్తాం. తీరా చూస్తే బిల్లు ఖర్చుల లెక్క చూసే అప్రోప్రియేషన్స్ కమిటీలో ఆగిపోతుంది. ఎసెంబ్లీలో లక్షన్నర డాలర్లు, అంతకు మించి ఖర్చయ్యే బిల్లుల్ని సస్పెన్స్ ఫైల్ అనే కట్టలో పెడతారు. మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఆ కట్ట విప్పి, వందలాది బిల్లుల్లో ఏది ముందుకెళ్తుందో ఏది ఆగుతుందో గడగడా చదివేస్తారు. చర్చ ఉండదు, ఎందుకాగిందో చెప్పరు. ఫెయిర్ బిల్లు ఎదుర్కొనేది వ్యతిరేకుల్ని కాదు, అదే డబ్బు కోసం వరుసలో నిలబడ్డ బడుల్ని, ఆసుపత్రుల్ని. అందుకే "మద్దతివ్వండి" అనడంతో సరిపెట్టొద్దు. "అప్రోప్రియేషన్స్ ఛైర్మన్‌తో మా బిల్లు గురించి ఒక మాట మాట్లాడతారా?" అని అడగండి. సభ్యుడు నిజంగా చేయగలిగే పని అది. వారం తర్వాత "మాట్లాడారా అండీ?" అని మళ్ళీ ఫోన్ చేయండి. ఇది మొహమాటపడే చోటు కాదు.

మరి వాళ్ళను కదిలించేదేమిటి? నా రెండో ప్రయాణానికి ముందు మా ఫెయిర్ ఆఫీసుకెళ్ళి ఏడాది క్యాలెండర్ అడిగి తీసుకొని, ఓ సాయంత్రమంతా కూర్చొని చదివాను. ఫెయిర్ జరిగేది పట్టుమని పది రోజులు. మిగతా ఏడాదంతా మెక్సికన్ కుటుంబాల క్విన్సెన్యేరాలు (ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజు వేడుకలు), పంజాబీల పెళ్ళిళ్ళు, రక్తదాన శిబిరాలు, హైస్కూలు వేడుకలు, మనవాళ్ళ సంక్రాంతి, ఉగాది సంబరాలు. మూడొందల మంది కూర్చొని భోంచేసే హాలు మా ఊళ్ళో ఇంకెక్కడా అందుబాటు అద్దెకు దొరకదు. వీటన్నిటికంటే పైన కార్చిచ్చుల సంగతి. 2017 అక్టోబరులో, ఏబీ 1499 చట్టమైన నెలలోనే, శాంటా రోసా తగలబడుతుంటే సొనోమా కౌంటీ ఫెయిర్ మైదానమే ఇళ్ళు వదిలొచ్చిన జనానికి ఆశ్రయమిచ్చింది, అగ్నిమాపక దళాలకు విడిదైంది. మరుసటేడు ప్యారడైజ్ ఊరు కాలిపోయినప్పుడు చీకో, గ్రిడ్లీల్లోని ఫెయిర్ మైదానాలకూ అదే పని పడింది. మనిషికైతే బడిలోనో చర్చిలోనో చోటు దొరుకుతుంది. నలభై గొర్రెల్ని, గర్భంతో ఉన్న గుర్రాన్ని అర్ధరాత్రి ఎక్కడికి తోలుకెళ్తారు? 2020లో మా ప్రాంతం పొగలో మునిగినప్పుడు కొండ ఊళ్ళనుంచి ట్రైలర్లు బారులు తీరి వచ్చాయి. మా అమ్మాయి, దాని స్నేహితులు తెల్లవార్లూ తొట్లకు నీళ్ళు మోశారు. ఆ తర్వాతి జనవరిలో మా శాసనసభ్యుడి సహాయకురాలికి ఇదంతా చెప్పాను. ఆ రోజు ఆమె మొదటిసారి నోట్‌బుక్ తెరిచి రాసుకుంది.

ఆ 2020లోనే కోవిడ్‌తో ఫెయిర్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. పిల్లలు పెంచిన పశువులను ఫెయిర్‌లో అమ్మే వేలంపాట చాలాచోట్ల ఆన్‌లైన్‌లో నడిచింది. జీతాలివ్వలేని స్థితిలో ఉన్న ఫెయిర్లకు ఆ ఏడాది రాష్ట్ర బడ్జెట్‌లో సుమారు 4 కోట్ల డాలర్లు కేటాయించారు. మైదానాలు విపత్తుల్లో ఎందుకు పనికొస్తాయో ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చినవాళ్ళ కష్టం అందులో ఉందని నా నమ్మకం.

ఉత్తరం ఒక్క పేజీ దాటనివ్వకండి. మొదటి వాక్యంలోనే బిల్లు నంబరు, మద్దతు అన్న మాట, మీ ఊరి పేరు ఉండాలి. తర్వాత మీ మైదానం గురించి మీరు కళ్ళారా చూసిన ఒకే ఒక్క విషయం. చివర మీ కోరిక. ఫెయిర్ వాళ్ళిచ్చే నమూనా ఉత్తరాన్ని యథాతథంగా పంపితే అది లెక్కలోకి వస్తుంది కానీ ఎవరూ చదవరు. మీ అమ్మాయి చేతి రాతతో నాలుగు ముక్కలు రాస్తే మాత్రం చదువుతారు. తెల్లవారకముందే లేచి మేకకు దాణా వేసిన సంగతి, బరువు చాలక మొదటేడు వేలానికి పనికిరాకపోయిన సంగతి, ఏదైనా సరే మీ అమ్మాయి మాటల్లోనే ఉండనివ్వండి. కమిటీ విచారణకు కనీసం వారం ముందు కాలిఫోర్నియా శాసనసభ ఉత్తరాల పోర్టల్‌లో పెట్టేయండి. ఆలస్యమైతే కమిటీ సిబ్బంది రాసే విశ్లేషణలో మీ పేరు చేరదు.

విచారణకు వెళ్తే ఓపిక పట్టాలి. బిల్లు తరఫున ఇద్దరు ముఖ్య సాక్షులకే రెండేసి నిమిషాలిస్తారు. మిగతావాళ్ళంతా మైకు దగ్గరికి వరుసగా వచ్చి పేరు, ఊరు, మద్దతు అని చెప్పి పక్కకు తప్పుకోవాలి. మేం మూడు గంటలు కూర్చొని పది సెకన్లు మాట్లాడొచ్చాం. అయినా వెళ్ళండి. ఆ వరుస ఎంత పొడుగుందో వేదిక మీదున్నవాళ్ళకు కనిపిస్తుంది. ఆ వరుసలో నల్ల జుట్టు పిల్లలు, చీర కట్టుకున్న అమ్మమ్మ కనిపిస్తే ఫెయిర్ ఏ ఒక్క వర్గానిదో కాదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మా అమ్మ ఒకసారి వచ్చింది. పెరట్లో కాసిన సొరకాయను ఫెయిర్ కూరగాయల పోటీలో పెట్టి రిబ్బను తెచ్చుకున్న మనిషి. ఇంగ్లీషులో చెప్పింది ఒక్క వాక్యమే, అదీ దారి పొడవునా కారులో సాధన చేసి.

రెండు జాగ్రత్తలు. ఫోర్-హెచ్ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కింద నడిచే కార్యక్రమం కాబట్టి దాని పేరు మీద బిల్లుకు మద్దతు పలకొద్దు. మీ పేరుతో, మీ కుటుంబం తరఫున మాట్లాడండి. అమ్మాయి ఫోర్-హెచ్ యూనిఫాం ఆకుపచ్చ టై కట్టుకోవచ్చా లేదా అన్నది ముందే మీ కౌంటీ ఫోర్-హెచ్ ఆఫీసులో అడగండి. ఇంకొకటి, మనం ఎవరి దగ్గరికీ ఉత్త చేతులతో వెళ్ళం కదా, స్వీటు డబ్బా పట్టుకెళ్ళాలనిపిస్తుంది. అక్కడ కానుకల మీద కట్టుబాట్లున్నాయి, వద్దు. దానికి బదులు వాళ్ళను ఫెయిర్‌కి పిలవండి. మీ అమ్మాయి మేకతో పోటీ రింగ్‌లో నిలబడే రోజు, టైము, కొట్టం నంబరు రాసివ్వండి. మా సహాయకురాలు 2019లో తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. రెండు గంటలు మా కొట్టం దగ్గరే ఉన్నారు. ఫ్యూజు పెట్టె ఎక్కడుందో అడిగి మరీ చూసింది.

మీది ఏ కౌంటీయో, బిల్లు నంబరెంతో కింద రాయండి. మీ ఉత్తరం రాశాక పెడితే చదివి, ఎక్కడ కుదించాలో చెబుతాను.