శాలువా కప్పే ముందు

నాన్నా,

నిన్ను సంఘ కమిటీలోకి ఎన్నుకున్నారని, క్రిస్మసులోగా గుడిలో సేవ చేసేవాళ్లందరికీ సన్మానం పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో కాసేపు మాట రాలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మైకు, భోజనాలు, శాలువాలు నీకు తెలిసినవే. ఫ్లెక్సీ మీద కమిటీవాళ్ల ఫోటోలు వెయ్యకండి. డబ్బిచ్చిన దాతల్ని ఇంకో రోజు పిలుచుకోండి.

నా భయం వేరు. మా సంఘంలో ఒక మామ్మ ఉండేది. భర్త పోయిన ఏడాది మొదలుపెట్టిందట, ఆదివారం తెల్లారకముందే గుడి తాళం తీసి ఊడ్చేది, బల్ల మీద తెల్లగుడ్డ మార్చేది. ప్రభు భోజన సంస్కారం అయ్యాక, ద్రాక్షరసం తాగిన ఆ చిన్న గ్లాసులన్నీ వేడినీళ్లతో కడిగి, మెత్తటి పాతచీర ముక్కతో తుడిచి, పెట్టెలో సర్దేది. జీతం లేదు, చెయ్యమని చెప్పినవాళ్లూ లేరు. ఒక కోతపండుగ నాడు కమిటీవాళ్లు ఆమెను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు సెక్రటరీ మైకు తీసుకుని, "మామ్మగారు చాలా కష్టపడ్డారు, ఇకనుంచి విశ్రాంతి తీసుకుంటారు, ఆ పని మన యూత్ చూసుకుంటుంది" అని ప్రకటించాడు. తాళంచెవి అక్కడే, అందరి ముందే పుచ్చుకున్నాడు. గుడంతా చప్పట్లు. ఆమెను ముందుగా ఒక్క మాట అడిగినవాడు లేడు.

తర్వాతి ఆదివారం ఆమె గంట కొట్టాక వచ్చి, చుట్టపుచూపుగా వచ్చినదానిలా గుమ్మం దగ్గర కూర్చుంది. యూత్ పిల్లలు కొన్నాళ్లు బాగానే చేశారు, ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. మళ్లీ రమ్మని కబురు పెడితే, "మీరే వద్దన్నారుగా అయ్యా" అంది. గొంతులో కోపం కూడా లేదు. నేను చూడబోయినప్పుడు నాతో ఏమందో తెలుసా? "నీళ్లు మోయలేకపోతున్నానమ్మా, ఎవరైనా రెండు బిందెలు తెచ్చిపెడితే బాగుండుననుకునేదాన్ని. మొత్తం పనే తీసేసుకున్నారు." దేవుడికీ తనకూ మధ్య ఉన్న పని అది. మంచి చేస్తున్నామనుకునే లాగేసుకున్నారు.

కాబట్టి ముందు వాళ్ల ఇళ్లకి వెళ్లు. ఒక ఆదివారం వాళ్లతోపాటే తెల్లవారుజామున గుడికి పో, పక్కన నిలబడి చెయ్యి. ఏం బరువుగా ఉందో అడుగు. అందరిలో పేరు పిలవడం ఇష్టమేనా అని కూడా అడుగు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట పట్టుకుని బతికేవాళ్లుంటారు, వాళ్లని బలవంతంగా వేదిక ఎక్కించడం సన్మానం కాదు.

పేరు పిలిస్తే మాత్రం చేసిన పనేంటో చెప్పు. "విశేష సేవలందించిన" అని చదివి ఊరుకోవద్దు. బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం తీసి చూడు. పౌలు ఫీబేతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకున్నాడు, ఎవరు సాయపడ్డారో, ఎవరింట్లో సంఘం కూడుకునేదో, ఎవరు ప్రయాసపడ్డారో రాశాడు. మన దగ్గరేమో 1842లో మిషనరీగా గుంటూరు వచ్చిన హేయరు దొరగారి పేరు అందరికీ తెలుసు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు ఎంతమందికి తెలుసు? మా అమ్మమ్మకి అక్షరాలు దిద్దించింది వాళ్లలో ఒకావిడే. ఆమె పేరు మా ఇంట్లోనే ఎవరూ దాచుకోలేదు. ఇప్పటికీ నాకు అది బాధే.

నువ్వేమో చిన్నప్పటినుంచీ ఏ పనైనా పరిగెత్తి ముగించేవాడివి. ఈ జాబితా అలా రాయకు. గుడిలో కనపడేవాళ్లతోనే ఆపేస్తావని నా బెంగ. చావు కబురొస్తే అర్ధరాత్రయినా సమాధుల తోటకి పలుగూ పారా పట్టుకెళ్లేవాళ్లని మర్చిపోవద్దు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి క్యారేజీ మోసే ఆడవాళ్లని, అందరూ వెళ్లాక ఫ్యాన్లూ లైట్లూ ఆపి కిటికీలు మూసేవాణ్ణి కూడా. రాయడమయ్యాక స్త్రీల సమాజంలో పెద్దవాళ్లకి చదివి వినిపించు, ఎవరు తప్పిపోయారో వాళ్లే చెప్తారు.

క్రిస్మసు డ్రామాలో నువ్వు గొర్రెల కాపరివి, గుర్తుందా? దేవదూత వచ్చేలోపే నిద్రపోయావు. నీకు తలపాగా చుట్టి, నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్న సండే స్కూలు టీచరమ్మకి ఇప్పుడు కళ్లు సరిగా కనపడవట. ఆమె పేరు రాశావా? రాయకపోతే నా దగ్గర చీవాట్లు తింటావు. నువ్వే ఆటోలో వెళ్లి తీసుకురా, చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించు.

ఈ హడావుడిలో వేళకి తినడం మానకు, నీ కడుపుమంట సంగతి నాకు తెలుసు.

మీ గుడి వెనక కూడా కుళాయి లేదట కదా, ఇప్పటికీ వీధి పంపు నుంచే మోస్తున్నారని మీ అమ్మ చెప్పింది. సన్మానానికి ముందే అక్కడ పైపు వేయించు. ఖర్చు నేనిస్తాను, ఎవరిచ్చారో చెప్పొద్దు. ప్లంబరును అడిగి ఎంతవుతుందో ఫోను చెయ్యి.

నీ పెద్దమ్మ