థాయ్‌లాండ్‌లో మ్యారేజ్ ఎక్స్‌టెన్షన్: ఇంటికొచ్చే ఇమిగ్రేషన్ వాళ్ళు ఏం చూస్తారు?

థాయ్ ఆవిడని పెళ్ళి చేసుకున్న విదేశీయుడికి ఇక్కడ ఉండే గడువుని ఏడాది పొడిగించేదే ఈ మ్యారేజ్ ఎక్స్‌టెన్షన్. దాని గురించి మీరడిగినవి మూడు. ఇంటికొచ్చే ఇమిగ్రేషన్ వాళ్ళు ఏమడుగుతారు, హాల్లో పెళ్ళి ఫోటోలు పెట్టాలా, మీ ఆవిడ వారమంతా బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసి శని, ఆదివారాలకే ఇంటికొస్తారు కాబట్టి దొంగ పెళ్ళి అనుకుంటారా అని. మీ అసలు బెంగ మూడోదే అని తెలుస్తోంది, అందుకని దానికి జవాబు ముందే చెప్తాను: అనుకోరు, మీరు దాచనంతవరకూ.

నేనుండేది ఈసాన్ వైపు, అంటే థాయ్‌లాండ్ ఈశాన్యంలో, ఖోన్ కెన్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. మా ఆవిడది ఇదే ఊరు. ఇదే ఎక్స్‌టెన్షన్ మీద ఏళ్ళుగా నెట్టుకొస్తున్నాను. మా ఇంటికీ వచ్చారు, తెలిసినవాళ్ళ ఇళ్ళకి వచ్చినప్పుడు సాక్షిగా వెళ్ళి కూర్చున్నాను కూడా. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, రూలు దేశమంతా ఒకటే, పద్ధతి మాత్రం ఆఫీసుకొకటి. కొన్నిచోట్ల ప్రతి ఏడూ వస్తారు, కొన్నిచోట్ల మొదటిసారి మాత్రమే వస్తారు. ఇంకొన్నిచోట్ల అసలు రాకుండా సాక్షినే ఆఫీసుకి తీసుకురమ్మంటారు. నేను రాసినదానికీ మీ ఆఫీసు కౌంటర్లో చెప్పినదానికీ తేడా వస్తే కళ్ళు మూసుకుని కౌంటర్లో చెప్పిందే చెయ్యండి. అక్కడ వాదన పనికిరాదు.

ఆ వచ్చేవాళ్ళు ఎందుకొస్తున్నారో తెలిస్తే సగం భయం పోతుంది. ఈ ఎక్స్‌టెన్షన్ల షరతులన్నీ 2014 నాటి ఒక పోలీసు ఉత్తర్వులో ఉన్నాయి. బుద్ధశకం ప్రకారం దాని నంబరు 327/2557. భార్య థాయ్ అయితే భర్తకి ఏడాది పొడిగింపు ఇవ్వడానికి అందులో అడిగేవి ముఖ్యంగా ఇవి: పెళ్ళి చట్టప్రకారం జరిగుండాలి, ఇద్దరూ నిజంగా కాపురం చేస్తుండాలి, థాయ్ బ్యాంకులో కనీసం రెండు నెలల నుంచి 4,00,000 బాత్ ఉండాలి, లేదంటే నెలకి 40,000 బాత్‌కి తగ్గని ఆదాయం చూపించాలి. పెళ్ళికి ఆంఫో ఆఫీసు (మన మండలాఫీసు లాంటిది) కాగితం ఉంది. డబ్బుకి పాస్‌బుక్ ఉంది. కాపురానికే ఏ ఆఫీసూ సర్టిఫికెట్ ఇవ్వదు. ఆ ఖాళీ నింపడానికే వీళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. నాలుగు ఫోటోలు, మీ ఇద్దరి మాటలు, ఒక సాక్షి సంతకం తీసుకెళ్ళి ఫైల్లో పెట్టి పై ఆఫీసరుకి పంపాలి. పై ఆయన మీ ముఖం చూడడు, ఫైలే చూస్తాడు. కాబట్టి ఇంటికొచ్చిన మనిషి పని తొందరగా తెమిలేలా చూడటమే మీరు చెయ్యాల్సింది. మీ ప్రేమకథంతా ఆయనకి అక్కర్లేదు.

మామూలుగా ఇద్దరు వస్తారు. ముందుగా మీ ఆవిడకే ఫోన్ చేస్తారు, మాట్లాడేది థాయ్‌లోనే. లైన్ అనే చాట్ యాప్‌లో ఇంటి లొకేషన్ పంపమంటారు. అప్లికేషన్‌తో మనం చేత్తో గీసిచ్చిన మ్యాపు ఉంటుంది కదా, అది పట్టుకుని చెప్పాపెట్టకుండా గుమ్మంలో దిగిన సందర్భాలూ ఉన్నాయి. చెప్పులు బయట విడిచి లోపలికొస్తారు, మర్యాదగా ఉంటారు. చల్లటి మంచినీళ్ళ సీసాలు, ఫ్యాను కింద రెండు కుర్చీలు, అంతకుమించి హడావిడి వద్దు. కవర్లో డబ్బు పెట్టి ఇవ్వడం లాంటి ఆలోచన ఎవరైనా మీ బుర్రలో పెట్టి ఉంటే అది తీసి అవతల పారెయ్యండి. "ఇంత కట్టండి, ఇంటికి రాకుండా చూసుకుంటాం" అనే ఏజెంట్లనీ దగ్గరికి రానివ్వకండి. ఈ ఎక్స్‌టెన్షన్‌కి ఫీజు 1,900 బాత్, అది కౌంటర్లో కడతారు, రసీదు ఇస్తారు.

ఇక ఫోటోల సంగతి. వాళ్ళకి కావాల్సిన ఫోటోల్లో మొదటిది ఇంటి బయట, ఇంటి నంబరు పలక కనపడేలా, మీరిద్దరూ పక్కపక్కన నిలబడి. తర్వాత హాల్లో ఒకటి. చాలాచోట్ల పడగ్గదిలో కూడా ఒకటి తీస్తారు, దానికి ఇబ్బంది పడకండి. ఇలాంటివే మీరు అప్లికేషన్‌తో కూడా ఇచ్చి ఉంటారు, అవీ ఇవీ ఒకే ఇల్లులా కనపడాలి, అంతే. నంబరు పలక మీద పూలకుండీ తీగ అల్లుకుపోయి ఉంటే ముందురోజే కత్తిరించండి. బనీనూ నిక్కరూ కాకుండా కాస్త చొక్కా వేసుకోండి. పెళ్ళి ఫోటో ఇప్పటికే గోడకి ఉంటే ఉండనివ్వండి, లేకపోతే ఇప్పుడు పరుగెత్తి ఫ్రేములు కట్టించకండి. షాపు స్టిక్కరు ఊడని కొత్త ఫ్రేములు ఆరు ఒకే గోడ మీద కనిపిస్తే ఏ ఆఫీసరుకైనా అనుమానం వస్తుంది. మామూలుగా మనుషులు ఉండే ఇల్లు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. స్టాండు మీద ఆవిడ చెప్పులు, దండెం మీద ఇద్దరి బట్టలు, బాత్రూంలో రెండు బ్రష్షులు, అవన్నీ అడక్కుండానే చూసేస్తారు. మా ఇంట్లో వంటగది గట్టు మీద ఆవకాయ జాడీ చూసి ఒకాయన ఇదేమిటని అడిగాడు. మా ఆవిడ "ఇది వీళ్ళ నామ్ ప్రిక్, మామిడికాయతో చేస్తారు" అని, వాళ్ళ మిరపకాయ పచ్చడి పేరుతో చెప్పి, మూత తీసి చూపించింది. అడిగిన ప్రశ్నలన్నిటికంటే దానికే ఎక్కువసేపు పట్టింది.

ఫోటోల కన్నా నేను ఎక్కువ పట్టించుకోమనేది పక్కింటివాళ్ళని. సాక్షిగా ఒక థాయ్ మనిషి కావాలి, అతని ఐడీ కార్డు నకలు మీద సంతకం కావాలి. పల్లెల్లో అయితే పూ యై బాన్‌ని, అంటే ఊరిపెద్దని అడుగుతారు. సోయిలో, అంటే సందులో అయితే ఎదురింటి తలుపో, మూల మీద కొట్టో తడతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మా ఎదురింట్లో కాల్చిన కోడి అమ్మే పెద్దావిడ ఉంది. ఆఫీసరు ఇంటి రిజిస్టరు పుస్తకం చూసి మా ఆవిడ పూర్తి పేరు చదివి "ఈవిడ తెలుసా?" అని అడిగితే, ఆ పేరుగలవాళ్ళు ఈ సోయిలోనే లేరని ఖరాఖండిగా చెప్పేసింది! ఇక్కడ చిన్నప్పటి నుంచీ పిలిచేది ముద్దుపేరుతోనే. ముప్ఫై ఏళ్ళ పరిచయం ఉన్నవాళ్ళకి కూడా అసలు పేరు తెలియకపోవడం మామూలే. మా ఆవిడ గుమ్మంలోంచి తన ముద్దుపేరు లెక్ అని గట్టిగా అరిచేసరికి "ఓ, లెక్కా! లెక్ తెలీకపోవడమేంటి, వాళ్ళాయన ఇండియా ఆయన, పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోస్తుంటాడు" అని మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. ఆ మాటల్లోనే మేమిద్దరం ఆ ఇంట్లో ఉంటున్నట్టు, ఎన్నాళ్ళుగా ఉంటున్నామో, మా అత్తగారు ఎప్పుడెప్పుడు వస్తారో అన్నీ వచ్చేశాయి. రాయించుకున్న వాంగ్మూలం కంటే అదే నమ్మకం కలిగించింది అనుకుంటాను. మీరు మాత్రం ముందే ఒకసారి పక్కింటికి వెళ్ళి, ఇమిగ్రేషన్ వాళ్ళు రావచ్చు అని చెప్పి, మీ ఆవిడ పూర్తి పేరు, మీ పేరు థాయ్ లిపిలో రాసిచ్చి రండి. ఏం చెప్పాలో నేర్పకండి. అలా నేర్పించుకున్న సాక్షి అడగనివి కూడా అప్పజెప్తాడు.

పేరు అన్నాను కాబట్టి, మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటి చెప్తాను. మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు ముందుంటుంది, ఒకరికి వెనకుంటుంది, ఇంకొకరికి సర్‌నేమ్ గడే ఖాళీ. దాన్ని థాయ్ లిపిలోకి ఎవరెవరో అనువాదకులు వాళ్ళకి వినపడినట్టు మారుస్తారు. పెళ్ళి రిజిస్టరులో ఒక రకంగా, వర్క్ పర్మిట్‌లో ఇంకో రకంగా, ఇంటి అద్దె ఒప్పందంలో మూడో రకంగా ఉంటే ఇంటికొచ్చినాయన అక్కడే ఆగిపోతాడు. పెళ్ళి కాగితంలో ఎలా ఉందో మిగతావన్నీ అలాగే రాయించుకోండి. పెళ్ళి ఇండియాలో జరిగి ఉంటే మన మ్యారేజ్ సర్టిఫికెట్ నేరుగా పనికిరాదు. దాన్ని అనువదించి, ధ్రువీకరించి, ఇక్కడి ఆంఫోలో నమోదు చేయిస్తే కోర్ రోర్ 22 అనే కాగితం వస్తుంది. ఇక్కడే పెళ్ళయితే కోర్ రోర్ 2 (పెళ్ళి నమోదు కాగితం), కోర్ రోర్ 3 (పెళ్ళి సర్టిఫికెట్). ఏటా ఎక్స్‌టెన్షన్‌కి వెళ్ళే ముందు కోర్ రోర్ 2 గానీ 22 గానీ ఆంఫో నుంచి తాజా నకలు తెచ్చుకోవాలి, పాతది ఒప్పుకోరు.

ప్రశ్నలు ఎక్కువగా మీ ఆవిడనే అడుగుతారు. ఎక్కడ కలిశారు, పెళ్ళికి మీ వైపు నుంచి ఎవరొచ్చారు, ఇల్లు ఎవరిది, అద్దె ఎంత, ఆయన ఏం చేస్తారు, ఖర్చులు ఎవరు చూస్తారు, పిల్లలున్నారా. మిమ్మల్ని వచ్చీరాని ఇంగ్లీషులోనో, మీకు వస్తే థాయ్‌లోనో రెండు మూడు అడుగుతారు: అత్తమామల పేర్లు, బావమరుదులు ఎంతమంది, ఆవిడ ఎక్కడ పని చేస్తుంది. భార్య మంచం మీద ఏ పక్కన పడుకుంటుంది లాంటి సినిమా ప్రశ్నలు నేనెప్పుడూ వినలేదు. భార్యాభర్తలు అన్నాక కొన్ని జవాబులు కలవవు. మా ఆవిడ అద్దె ఒక అంకె చెప్తే నేను కరెంటు బిల్లు కలిపి ఇంకోటి చెప్పాను, ఇద్దరం అక్కడే కాసేపు వాదించుకున్నాం, వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. తెలియనిదానికి తెలియదనండి.

ఇప్పుడు మీ ఆవిడ బ్యాంకాక్ ఉద్యోగం. ఈసాన్‌లో సగం ఇళ్ళల్లో ఎవరో ఒకరు బ్యాంకాక్‌లో పని చేస్తుంటారు. సొంక్రాన్ అనే థాయ్ కొత్త సంవత్సరం పండక్కి ఏప్రిల్‌లో బస్సులు ఎలా కిక్కిరిసిపోతాయో మీరే చూసి ఉంటారు. ఇంటి రిజిస్టరులో పేరు అమ్మగారింట్లో, బతుకు ఇంకోచోట, ఇది ఇక్కడ అందరికీ ఉన్నదే, వచ్చిన ఆఫీసరుది కూడా అలాగే ఉండొచ్చు. అందుకే అది తప్పుగా చూడరు. కానీ ఆవిడ రోజూ ఇంట్లోనే ఉంటుందని మీరు చెప్పి, పక్కింటావిడ "వారానికోసారి వస్తుంది" అని చెప్పిందనుకోండి, అప్పుడు నిజమైన కాపురం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ నుంచి ఒక లెటరు తెచ్చి ఫైల్లో పెట్టండి. రానూపోనూ బస్సు టికెట్లు, ఆవిడ మీకు పంపే డబ్బు బదిలీలు, మీరు పంపేవి ఉంటే అవీ ఒక కవర్లో ఉంచండి, అడిగితే చూపించొచ్చు. ఫోన్ వచ్చినప్పుడు "నేను శుక్రవారం రాత్రికి వస్తాను, సోమవారం సెలవు పెట్టగలను" అని ఆవిడే నేరుగా అడిగితే చాలామంది రోజు సర్దుతారు. వాళ్ళు వచ్చే రోజు మాత్రం ఆవిడ ఇంట్లో ఉండి తీరాలి. ఆవిడ లేకుండా మీరొక్కరే కూర్చుంటే ఆ ఫోటోలకి అర్థం లేదు.

అలాగే టీఎం 30 అనే ఫారం సంగతి. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు ఇమిగ్రేషన్‌కి తెలియజెయ్యాలి, 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో 38వ సెక్షను అదే చెప్తుంది. ఓనరు మీ మామగారైతే ఆయన పేరు మీదే వెయ్యాలి. అందులో అడ్రసు ఒకటీ, మీరు అప్లికేషన్‌లో ఇచ్చిన అడ్రసు ఒకటీ అయితే అసలు కౌంటర్ దగ్గరే వెనక్కి పంపుతారు.

నేను చూసినంతవరకూ ఇంటి తనిఖీలో దెబ్బతిన్నవాళ్ళు దాదాపు లేరు. దెబ్బతినేది ఆ తర్వాత. కాగితాలిచ్చాక పాస్‌పోర్టులో "అండర్ కన్సిడరేషన్" అని 30 రోజులకి ఒక ముద్ర వేస్తారు. ఆ లోపు తనిఖీ, పై ఆఫీసు సంతకం అన్నీ అవుతాయి. ఆ ముద్ర మీద ఉన్న తేదీకి మీరు మళ్ళీ వెళ్ళి అసలు ఏడాది ముద్ర వేయించుకోవాలి. ఏడాది లెక్క పాత గడువు ముగిసిన రోజు నుంచి పడుతుంది కాబట్టి ఆలస్యమైందని మీకొచ్చే నష్టం ఏమీ లేదు. కానీ ఆ నెల రోజుల్లో నాన్నగారికి బాగోలేదనో, చెల్లెలి పెళ్ళిచూపులనో హైదరాబాద్ విమానం ఎక్కేస్తుంటారు మనవాళ్ళు. రీ-ఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, లేకుండా దేశం దాటితే ఉన్న పర్మిషన్ పోతుంది, మొత్తం మొదటి నుంచి మొదలు. ఆ పర్మిట్‌కి ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా అంటే 3,800. తీసుకుని వెళ్ళినా ఆ ముద్ర తేదీ లోపు తిరిగి రావాల్సిందే. తప్పనిసరి ప్రయాణమైతే ముందు ఆఫీసులో చెప్పి, తనిఖీ అయిపోయాక వెళ్ళండి.

బ్యాంకులో ఆ 4,00,000 కూడా కాగితాలిచ్చేశాం కదా అని తీసెయ్యకండి. చివరి ముద్రకి వెళ్ళినప్పుడు పాస్‌బుక్ మళ్ళీ చూపించమనే ఆఫీసులున్నాయి. ముద్ర పడేదాకా ఒక్క బాత్ కూడా ముట్టుకోవద్దు.

ఇంకొకటి, మీ ఆవిడకి ఈ నెలంతా తెలియని నంబరు నుంచి కాల్ వస్తే మీటింగులో ఉన్నా ఎత్తమని చెప్పండి. ఇక్కడ కాల్ సెంటర్ మోసాలు ఎక్కువై తెలియని నంబర్లు ఎవరూ ఎత్తడం లేదు, ఆఫీసరు రెండుసార్లు చేసి ఎత్తకపోతే పక్క ఫైలు తీసుకుంటాడు. మాట్లాడేది నిజంగా ఇమిగ్రేషన్ వాళ్ళో కాదో అనుమానమైతే, ఫోన్లో డబ్బు గానీ ఓటీపీ గానీ అడుగుతున్నారేమో చూసుకోమనండి. వాళ్ళు అడిగేది ఇంటికి దారి, ఏ రోజు ఇద్దరూ ఉంటారు, అంతే.