180లు కొట్టినా ఓడిపోతారెందుకు? డార్ట్స్ మీద మీ ప్రశ్నలు

2026 జనవరి 3న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ప్రపంచ డార్ట్స్ చాంపియన్‌షిప్ ఫైనల్ అయిపోయిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు ఆ ఆట మీదే చాలా ప్రశ్నలు వస్తున్నాయి. లూక్ లిట్లర్ అనే కుర్రాడు, అప్పటికి 19 కూడా నిండలేదు, నెదర్లాండ్స్ ఆటగాడు జియాన్ వాన్ వీన్‌ను 7-1తో ఓడించి వరసగా రెండోసారి కప్పు ఎత్తాడు, పది లక్షల పౌండ్లు తీసుకెళ్లాడు. ఈసారి శీర్షిక మొత్తం డార్ట్స్‌కే.

ప్ర: మా తమ్ముడు మాంచెస్టర్‌లో ఉంటాడు, వాడు చెబితే నేనూ చూశాను. ఒకాయన వరసగా రెండుసార్లు 180 కొట్టి కూడా ఆ గేమ్ ఓడిపోయాడు. ఎక్కువ కొట్టినవాడు గెలవాలి కదండీ? – ఒక పాఠకుడు, విజయవాడ

జ: ఇందులో పాయింట్లు పోగేసుకోవడం ఉండదండీ, తగ్గించుకుంటూ పోవడమే. ఇద్దరూ 501 దగ్గర మొదలుపెడతారు. వంతుకు మూడు డార్టులు విసిరి, వచ్చినదంతా అందులోంచి తీసేస్తారు. సరిగ్గా సున్నాకి ముందు చేరినవాడిదే ఆ లెగ్. ముందుగా మూడు లెగ్‌లు గెలిస్తే ఒక సెట్, ఫైనల్లో ముందుగా ఏడు సెట్లు గెలిచినవాడు చాంపియన్. మూడు డార్టులూ ట్రిపుల్ 20లో, అంటే 20 గడిలో విలువను మూడింతలు చేసే సన్నటి పట్టీలో పడితే 180, అంతకు మించి ఒక వంతులో రాదు.

అసలు కష్టమంతా చివర్లో ఉంది. ఆఖరి డార్ట్ డబుల్లోనే పడాలి. బోర్డు అంచున గుండ్రంగా ఉండే సన్నటి రింగు అది, అందులో పడితే గడి విలువ రెండింతలు, వెడల్పు 8 మిల్లీమీటర్లు. 40 మిగిలితే డబుల్ 20 కొట్టాలి, 32 మిగిలితే డబుల్ 16. నట్టనడుమ ఉండే ఎర్ర బుల్ విలువ 50, అది 25కి డబుల్ కాబట్టి దాంతోనూ ముగించవచ్చు. ఉన్నదానికన్నా ఎక్కువ కొట్టినా, 1 మిగిలినా, డబుల్ కాని గడితో సున్నాకి చేరినా ఆ వంతు మొత్తం చెల్లదు. మీరు చూసినాయన రెండు 180లు కొట్టి 141కి వచ్చి ఉంటాడు, అక్కడ డబుల్ తగలక వంతు మీద వంతు పోగొట్టుకుని ఉంటాడు. అవతలివాడు ఈలోపు నిదానంగా వచ్చి, ఒక్క డార్ట్‌తో ముగించేసి ఉంటాడు.

అందుకే పెద్ద ఆటగాళ్లు విసిరేటప్పుడే తర్వాత ఏం మిగలాలో చూసుకుంటారు. చాలామంది 32 మిగుల్చుకోవడానికి ఇష్టపడతారు. డబుల్ 16కి గురి పెట్టి కాస్త లోపలికి పడిందనుకోండి, మామూలు 16 పోతుంది, ఇంకో 16 మిగులుతుంది, అంటే డబుల్ 8. అదీ లోపలికే పడితే 8 మిగిలి డబుల్ 4, ఆ తర్వాత డబుల్ 2, చివరికి డబుల్ 1. మధ్యలో ఎక్కడా బేసి సంఖ్య రాదు. అదే 40 దగ్గర మొదలైతే 20, 10, ఆ తర్వాత 5 వచ్చి కూర్చుంటుంది, దాన్ని సరిచేసుకోవడానికి ఒక డార్ట్ అదనంగా ఖర్చు. స్క్రీన్ మీద 32 కనిపిస్తే ఆ మనిషి భుజాలు కాస్త సడలడం ఈసారి గమనించండి.

2023 ఫైనల్ రెండో సెట్‌లో ఒక లెగ్ ఉంది, వీలైతే వీడియో వెతుక్కుని చూడండి. 501 ముగించడానికి కనీసం తొమ్మిది డార్టులు కావాలి. మైకేల్ వాన్ గెర్వెన్ 180, 180 కొట్టి, మిగిలిన 141లో ట్రిపుల్ 20, ట్రిపుల్ 19 కూడా దింపేశాడు. ఎనిమిది డార్టులూ ఎక్కడ పడాలో అక్కడే. తొమ్మిదోది డబుల్ 12కి, అది తప్పింది. అప్పటికి ఎదురుగా ఉన్న మైకేల్ స్మిత్ కూడా రెండు 180లు కొట్టి అదే 141 మీద నిలబడి ఉన్నాడు. అదే దారిలో ట్రిపుల్ 20, ట్రిపుల్ 19, డబుల్ 12. ఇద్దరూ కలిసి 18 డార్టులు విసిరితే తప్పింది ఒక్కటంటే ఒక్కటే, లెగ్ పోయింది ఆ ఒక్కదాని వల్లే. ఆ రాత్రి స్మిత్ 7-4తో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇంతకన్నా గొప్ప లెగ్ నేనింతవరకు చూడలేదు.

ప్ర: మా ఆఫీసు బ్రేక్ రూమ్‌లో బోర్డు ఉంది. నేను ఎప్పుడూ 20కే గురి పెడతాను, కానీ 1, 5 తప్ప ఏమీ పడవు. నంబర్లను అలా కలగాపులగంగా ఎందుకు పెట్టారు? – ఒక ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్

జ: కలగాపులగం కాదండీ, గురి తప్పినవాళ్లకు శిక్ష పడాలనే అలా పెట్టారు. 20కి ఒక పక్క 5, ఇంకో పక్క 1. 19కి 7, 3. 18కి 1, 4. పెద్ద నంబర్ల పక్కన చిన్నవి కాపలా కాస్తాయి. గురి కుదిరినవాళ్లకు ట్రిపుల్ 20 లాభమే, మనలాంటి వాళ్లకు కాదు. మీ డార్ట్ మూడుసార్లలో ఒకసారి అనుకున్న గడిలో, మిగతా రెండుసార్లు అటూ ఇటూ పక్క గళ్లలో పడుతుందనుకుని లెక్క వేయండి: 20, 5, 1 కలిపితే 26. అదే ఎడమవైపున్న 14కి గురి పెడితే 14, 9, 11 కలిపి 34. రేపటి నుంచి 14కి విసిరి చూడండి, చేయి కుదిరాక 20 దగ్గరికి వెళ్లవచ్చు.

ప్ర: రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా మనవడు రాత్రంతా మేలుకుని ఇది చూస్తున్నాడు. జనం చేతుల్లో బీరు గ్లాసులు, ఒంటి మీద పగటివేషాలు, ఒకటే అరుపులు. దీన్ని ఆట అంటారా? – వరంగల్

జ: మాస్టారూ, మీ అనుమానం న్యాయమైనదే. ఇది ఇంగ్లండ్ పబ్బుల్లో పెరిగిన ఆట, ఆ వాసన ఇంకా పోలేదు. ఒకప్పుడు వేదిక మీద ఆటగాళ్లే సిగరెట్ కాలుస్తూ, గ్లాసు పక్కన పెట్టుకుని ఆడేవారు. అది టీవీలో అందరికీ కనిపించి ఆటకు చెడ్డపేరు వచ్చింది, ఆ తర్వాత వేదిక మీద రెండూ నిషేధించారు. 1990ల మొదట్లో పెద్ద ఆటగాళ్లు పాత సంఘంతో తెగతెంపులు చేసుకుని సొంతంగా పోటీలు పెట్టుకున్నారు. 1994 నుంచి ఎసెక్స్‌లోని సర్కస్ టావెర్న్ అనే చిన్న హాల్లో, తర్వాత 2008 పోటీ నుంచి అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరుగుతున్నది అదే చాంపియన్‌షిప్.

జనం వేషాలు వేసుకుని పాడుకుంటే నాకేమీ ఇబ్బంది లేదు, క్రిస్మస్ రోజుల్లో వాళ్లకు అదొక జాతర. కానీ నచ్చని ఆటగాడు డబుల్‌కి గురి పెట్టగానే ఈలలు వేయడం మాత్రం తప్పు, దాన్ని నేను సమర్థించను. 2023 పోటీలో గెర్విన్ ప్రైస్ ఆ గోల భరించలేక, ఫ్యాక్టరీల్లో చెవులకు పెట్టుకునే పెద్ద మఫ్‌లు తగిలించుకుని ఆడాడు, అయినా ఓడిపోయాడు. అంత గోల మధ్య చేయి వణక్కుండా 8 మిల్లీమీటర్ల సందులో డార్ట్ దింపడాన్ని ఆట అనకపోతే ఇంకేమంటాం చెప్పండి. మనవణ్ణి ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని 137 ఎలా ముగిస్తారని అడగండి. చూస్తూ చూస్తూ నేర్చేసుకుని ఉంటాడు, టకీమని చెబుతాడు. లెక్కల్లో మీకు నచ్చుతాడు. నిద్ర సంగతి మాత్రం మీరు గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే అక్కడ సాయంత్రం 7 అంటే మనకు అర్ధరాత్రి 12:30.

ప్ర: ఇంటర్ చదువుతున్నాను. ఇందులో అమ్మాయిలకు వేరే పోటీ ఉంటుందా, అబ్బాయిలతో కలిపే ఆడతారా? – కాకినాడ

జ: రెండూ ఉన్నాయమ్మా. ఆడవాళ్లకు విడిగా పోటీలున్నాయి, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మాత్రం అర్హత సాధించినవాళ్లు ఎవరైనా ఒకే బోర్డు మీద ఆడతారు. 2019 డిసెంబర్‌లో ఫాలన్ షెరాక్ మొదట టెడ్ ఎవెట్స్‌ను 3-2తో, తర్వాత మెన్సూర్ సుల్యోవిచ్‌ను 3-1తో ఓడించింది. ఆ పోటీలో మ్యాచ్ గెలిచిన మొదటి మహిళ ఆవిడే. ఇప్పుడు బో గ్రీవ్స్ వచ్చింది. 2025లో యువ ఆటగాళ్ల ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో ఆ లిట్లర్‌నే 6-5తో ఓడించింది! డార్ట్ బరువు చాలామందికి 20 నుంచి 25 గ్రాముల మధ్య ఉంటుంది, దాన్ని విసరడానికి కండ బలం అక్కర్లేదు. నీకు ఆసక్తి ఉంటే వెనకాడకు.

ప్ర: నాలుగేళ్లుగా ఆడుతున్నాను. ఈమధ్య గురి పెట్టాక చేయి ముందుకు వెళ్తుంది గానీ వేళ్లు డార్ట్‌ను వదలడం లేదు. పిచ్చి పట్టినట్టుంది. ఇది నాకొక్కడికేనా? – బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు

జ: మీకొక్కరికే కాదు. దీనికి పేరు కూడా ఉంది, డార్టైటిస్ అంటారు. ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన ఎరిక్ బ్రిస్టో, 1980ల్లో ఆయన పేరు చెబితే ఎదుటివాళ్లకు చెమటలు పట్టేవి, అలాంటి మనిషికే 1986 తర్వాత డార్ట్ చేయి విడవడం మానేసింది. ఆ తర్వాత కూడా ఫైనల్స్ దాకా వచ్చాడు గానీ ఆరో టైటిల్ రాలేదు. 1990 ఫైనల్లో ఆయన్ను 6-1తో ఓడించింది ఎవరో తెలుసా? ఫిల్ టేలర్, బ్రిస్టో తన సొంత డబ్బు పెట్టి పైకి తెచ్చిన శిష్యుడే. ఆ టేలర్ దాంతో కలిపి మొత్తం 16 ప్రపంచ టైటిళ్లు గెలిచాడు.

ఈ కాలంలో నేథన్ ఆస్పినాల్ కూడా దీనితో బాధపడ్డాడు, దాచుకోకుండా బయటికి చెప్పాడు, ఆడుతూనే ఉన్నాడు. నా మాట వింటే కొన్నాళ్లు స్కోరు లెక్కపెట్టడం ఆపేయండి, నంబర్లు చూడకుండా ఊరికే బోర్డులోకి విసరండి. అప్పటికీ తగ్గకపోతే, మీ ఊళ్లో క్రీడాకారులతో పనిచేసే సైకాలజిస్టులు ఉంటారు, వెళ్లి మాట్లాడండి. సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు.

ప్ర: మనవాళ్లెవరైనా అక్కడ ఆడారా? – నిజామాబాద్

జ: ఆడారు, గెలిచారు కూడా. నితిన్ కుమార్ అంతకుముందు కూడా ఆ వేదిక ఎక్కాడు గానీ గెలుపు దక్కలేదు. ఈసారి మొదటి రౌండ్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు రిచర్డ్ వీన్‌స్ట్రాను 3-2తో ఓడించాడు. ఆ చాంపియన్‌షిప్‌లో మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయుడు అతనే. మన పత్రికల్లో ఆ వార్తకు రావాల్సినంత చోటు రాలేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఈసారి మొత్తం 128 మంది ఆడారు, అంతకుముందు 96 మందే. సీట్లు పెరిగాయి కాబట్టి మనలాంటి దేశాల వాళ్లకు తలుపు ఇంకాస్త తెరుచుకున్నట్టే.

ప్ర: మా అబ్బాయికి పన్నెండేళ్లు, బోర్డు కొనమని ఒకటే గోల. ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలి? – ఒక తల్లి, తిరుపతి

జ: కొనండి. బుల్ మధ్యభాగం నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తులో ఉండాలి, నిలబడే గీత బోర్డు ముఖం నుంచి 2.37 మీటర్ల దూరంలో. పెద్దవాళ్ల కొలతలే ఇవి, మీ అబ్బాయికి మొదట్లో గీత కాస్త ముందుకు జరిపినా తప్పులేదు. తలుపు వెనక మాత్రం పెట్టకండి, ఎవరైనా తోసుకుని లోపలికి వస్తే ప్రమాదం. కింద మందపాటి చాప గానీ రబ్బరు మ్యాట్ గానీ వేయండి, గచ్చు మీద పడితే డార్ట్ మొన వంగిపోతుంది. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే విసిరేవాడి వెనకే నిలబడాలని ఖచ్చితంగా చెప్పండి.

చౌకగా దొరికే కాగితపు చుట్టల బోర్డులు వద్దు, సిసల్ నారతో చేసినది తీసుకోండి, డార్ట్ తీశాక రంధ్రం దానంతట అదే మూసుకుంటుంది. అయినా 20 గడి అన్నిటికన్నా ముందు అరిగిపోతుంది. చుట్టూ ఉన్న నంబర్ల రింగు ఊడి వస్తుంది, అప్పుడప్పుడు దాన్ని తీసి, బోర్డును రెండు గళ్లు పక్కకి తిప్పి, 20 మళ్లీ పైకి వచ్చేలా రింగు తగిలించండి. ఒక్క గడే తిప్పితే రంగులు మారిపోతాయి, 20 ఎప్పుడూ నల్లగడి మీదే ఉండాలి.