బ్రేక్ పెడల్ కిందికి జారుతోంది

ప్రశ్న: మాది పాత చిన్న కారు. సిగ్నల్ దగ్గర బ్రేక్ నొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి పోతోంది. ఆయిల్ కారడం లేదు. ప్యాడ్లు మార్చినా అంతే. పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ కారు రోడ్డు మీదికి తీయకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఇలాంటి బండి షెడ్డుకొస్తే నా అనుమానం మాస్టర్ సిలిండర్ మీదే, అంటే పెడల్ నొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు తోసే భాగం మీదే. లోపలి రబ్బరు సీళ్లు అరిగితే ఆయిల్ బయటికి రాదు, సీలు దాటి వెనక్కి జారుతుంది. అందుకే బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ తగ్గదు, పెడల్ మాత్రం దిగిపోతుంది. బండి నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఒకే బలంతో అర నిమిషం నొక్కి చూడండి. దిగుతూనే ఉంటే అదే. స్టార్ట్ చేసిన క్షణంలో కాస్త దిగడం మామూలే, అది బూస్టర్ (మన కాలి బలాన్ని పెంచే భాగం) పని. గబగబా నాలుగుసార్లు నొక్కితే పెడల్ లేచి గట్టిగా నిలబడిందా? అప్పుడు లైన్లలో గాలి ఉండొచ్చు, వెనక డ్రమ్ముల్లో బ్రేక్ షూలు (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపేవి) సెట్టింగ్ తప్పి ఉండొచ్చు.

చక్రాల లోపలివైపు, సిలిండర్ బూస్టర్‌కు బిగించే చోట తడి ఉందేమో కూడా చూపించండి. అక్కడ కారితే పైకి కనపడదు.

సీళ్ల కిట్ చవకే. కానీ సిలిండర్ లోపల గీతలు పడితే కొత్త సీళ్లూ నిలవవు. నేనైతే మొత్తం సిలిండరే మారుస్తాను. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, ఆ రకం ఆయిలే కొత్త సీసా తెరిచి పోయించి, నాలుగు చక్రాల బ్రేక్ లైన్లలోనూ చిక్కిన గాలి తీయించండి.